దొడ్డిల్లు సంధి

చరిత్ర మా ఇంట్లోకి ఎదురింటి బాల్కనీలోంచి ప్రవేశించింది.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. సూదిలో దారం ఎక్కించినంత సులువుగా చెవిలో మాట ఎక్కిస్తుంది. మా ఆవిడ కిటికీ తెరలు కుట్టించుకోవడానికి వెళితే ఆవిడ అందట: "మీ ఆయన వాళ్ళకి కొండమీద ఓ ఇల్లుందటగా. మొగుడితో దెబ్బలాడి వచ్చేసిన రాణీగారెవరో అందులో తలదాచుకుందటగా. ఇన్నాళ్ళ నుంచీ ఎదురెదురుగా ఉంటున్నాం, ఒక్క మాటైనా చెప్పావు కాదమ్మా. చెబితే మేమేమన్నా రాణిని అరువడుగుతామా?"

మా ఆవిడ తెరలు అక్కడే పడేసి వచ్చి నన్ను నిలదీసింది.

"రాణి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఏ రాణి?"

"అదుగో, అప్పుడే దాస్తున్నారు."

ఏ కాలపు రాణితోనూ నాకెలాంటి సంబంధమూ లేదని నమ్మించేసరికి పొద్దుగూకింది. ఆ తర్వాత మాట ఎక్కడ పుట్టిందో ఆరా తీశాను. కుట్టుపనావిడకి మా పిన్ని చెప్పిందట. పిన్నికి బాబాయి చెప్పాడట. బాబాయికి పెదనాన్న చెప్పాడట. పెదనాన్నని అడిగితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఊరంతా అదే అనుకుంటోందిరా. జనవాక్యం కర్తవ్యం అన్నారు. ఇంతకంటే ఆధారం ఏం కావాలి?" అన్నాడు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా వంశంలో మాత్రం పొగే ముందొచ్చి, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరుగుతుంది.

చదివేవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి అసలు సంగతి చెబుతాను. మా తాతకి గాడిదలుండేవి. అప్పట్లో కొండమీది ఊరికి బండిదారి లేదు. ఉప్పు, కిరసనాయిలు, మంచాలు, నిలువుటద్దాలు, ఒకసారైతే ఓ గోడగడియారమూ, దాన్ని ఒళ్ళో పెట్టుకున్న యజమానీ, అన్నీ మా గాడిదల వీపు మీదే కొండెక్కాయి. పైకెక్కిన గాడిదలు రాత్రికి చలిలో వణక్కుండా తాత రాళ్ళతో గోడలు లేపి, చెక్కతో కప్పు వేసి, దొడ్డి కట్టాడు. లోపల గాడిదకో అర, మధ్యలో కుడితికి రాతితొట్టి. కొండమీది వాళ్ళు దాన్ని దొడ్డిల్లు అన్నారు. పాలు పోసేవాడి నుంచి పోస్టుమాన్ దాకా ఈనాటికీ అదే అంటారు.

తర్వాత రోడ్డొచ్చింది. రోడ్డు మీద లారీలొచ్చాయి. గాడిదలకి పని పోయింది. అవి మేస్తూ, తాత వాటిని చూస్తూ కూర్చున్న ఆ రోజుల్లో ఒకనాటి సాయంత్రం వానకి కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. కారులో వచ్చిన దంపతులెవరో గతిలేక దొడ్డిలోనే గడ్డి పరుచుకుని పడుకున్నారు. తెల్లారి లేచి, ఇంత హాయిగా తామెన్నడూ నిద్రపోలేదనీ, ఈ నిశ్శబ్దం తమ ఊళ్ళో ఎంత పెట్టినా దొరకదనీ చెప్పి, తాత చేతిలో ఏదో పెట్టి వెళ్ళారు.

తాత ఆ రోజంతా ఆలోచించాడు. ఆయన తేల్చిన మాటే మా వంశానికి మిగిలిన ఏకైక వేదాంతం: "గాడిదకి మేత మనం పెట్టాలి. మనిషైతే మేత తనే తెచ్చుకుంటాడు. పడుకున్నందుకు మనకే ఇచ్చి పోతాడు. పైగా తన్నడు."

గాడిదల్ని అమ్మేశాడు. గోడలకి సున్నం కొట్టించాడు. అరల్ని గదులన్నాడు. అంతటితో మా కుటుంబం రవాణా రంగం నుంచి ఆతిథ్య రంగంలోకి మారింది.

కానీ సున్నం కొట్టినంత మాత్రాన దొడ్డి తన పుట్టుక మరిచిపోదు. ఆ ఇంటి నేల వెనక్కి వాలి ఉంటుంది. గాడిదల కింది తడి నిలవకుండా తాత చేసిన ఏర్పాటది. అతిథి చేతిలోంచి గోలీ కాయ జారినా, మందు మాత్ర జారినా, నేరుగా వెనక గోడ దాకా దొర్లి తూములోంచి బయటికి పోవలసిందే. గోడలకి నడుమెత్తులో ఇనప రింగులున్నాయి. రాతితొట్టిని కదపడం ఎవరివల్లా కాక దాని చుట్టూ హాలు కట్టారు. వాన పడినప్పుడు ఇల్లంతా ఒక వాసన వేస్తుంది. అడిగిన అతిథులకి అది కొండమట్టి పరిమళం అని చెబుతాం.

ఇలా నడుస్తున్న కొండమీదికి ఒక జబ్బు వచ్చింది. దాని పేరు చరిత్ర. ఇల్లు అద్దెకిచ్చే ప్రతివాడికీ అంటుకుంది. మా పక్కన మొన్నమొన్న కట్టిన ఇంటికి సిమెంటు ఆరకముందే 'పురాతన భవనం' అని బోర్డు లేచింది. ఇదివరకు ఫోన్ చేసిన వాళ్ళు వేడినీళ్ళున్నాయా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు చరిత్ర ఉందా అని అడుగుతున్నారు. వేడినీళ్ళు రావాలంటే బాయిలర్ బాగుచేయించాలి. చరిత్రకి నేను చాలు. కాలేజీలో ఆ పాఠాలు చదువుకున్నవాణ్ణి కాబట్టి, ఆ తర్వాత జీవితమంతా నీటి మోటార్లు అమ్మినా సరే, కుటుంబ చరిత్రకారుడిగా నన్ను నియమించారు.

సమావేశం పెదనాన్న ఇంట్లో జరిగింది. పెదనాన్న శిస్తు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన దాన్ని వదల్లేదు. దాహం వేసినా, "మంచినీళ్ళ విషయమై తగు చర్య తీసుకోగలరు" అంటాడు. బాబాయి వచ్చాడు. ఆయన వెంట ఆయన వియ్యంకుడు, తెలుగు మాస్టారు, వచ్చారు.

"ముందు ఆ పేరు రద్దు చెయ్యాలి" అన్నాడు పెదనాన్న. "దొడ్డిల్లంటే వచ్చేవాడు గుమ్మంలోనే ముక్కు మూసుకుంటాడు."

"రద్దు దేనికి బావగారూ? విడదీస్తే పోతుంది" అన్నారు మాస్టారు.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "ఆస్తినా?"

"పదాన్నండీ. దొడ్డికి ఇల్లు కలిపితే దొడ్డిల్లు. దొడ్డకి ఇల్లు కలిపినా దొడ్డిల్లే. దొడ్డ అంటే గొప్ప. దొడ్డ మనసు, దొడ్డ మనిషి అంటున్నామా లేదా? మీది దొడ్డ ఇల్లు. పామరులు కలిపేసి పలుకుతున్నారు, అంతే."

పెదనాన్న కంట నీరు తిరిగింది. "చూశావుట్రా. మన గొప్పతనమంతా ఇన్నాళ్ళూ సంధిలో ఇరుక్కుపోయింది."

"ఎవడైనా వచ్చి, అక్కడ పోయింది ఇకారమేనని గొడవ చేస్తే?" అని అడిగాడు బాబాయి. పదమూ పొలమూ ఏదైనా ఆయనకి హద్దు తగాదా భయమే.

మాస్టారు నవ్వారు. "పోయిన అచ్చు తిరిగొచ్చి సాక్ష్యం చెప్పదండీ."

ఇక నా కలానికి అడ్డేముంది. రాతితొట్టి రాణీగారి స్నానాల తొట్టి అయింది. నేల వాలు ప్రాచీన జలనిర్వహణ పద్ధతి అయింది. ఇనప రింగులు కాగడాలు తగిలించేవి అని రాస్తే, నడుమెత్తులో కాగడా పెడితే బట్టలంటుకోవా అని మా ఆవిడ అడ్డం తిరిగింది. అందుకని రాణీగారి పరివారం పొట్టివాళ్ళని ఒక వాక్యం చేర్చాను. ఇదంతా అందమైన అక్షరాలతో పలక మీద చెక్కించి హాల్లో తగిలించారు.

కానీ ఆ పలక కింద రోజూ చీపురు పట్టుకుని తిరిగే మనిషి ఒకరున్నారు. మా అత్త. పెదనాన్నకి చెల్లెలు, బాబాయికి అక్క. మొగుడు చనిపోయిన ఏడాదే, మనసు బాగోలేదు, నాలుగు రోజులుండి వస్తానని కొండెక్కి, మళ్ళీ దిగలేదు. దుప్పట్లు ఉతకడం, పొయ్యి రాజెయ్యడం, తూములో పోయిన ఉంగరాల్ని వెనక గడ్డిలోంచి ఏరి తేవడం అన్నీ ఆవిడే. అతిథులు ఆవిణ్ణి మేనేజరమ్మ అంటారు. చివరి అర ఆవిడ గది. అన్నిట్లోకీ చిన్నది. గోడకి చిల్లి పొడిచి, కిటికీ కూడా తనే పెట్టుకుంది.

రాణి కథ అతిథులకి అప్పజెప్పమని ఆవిడకి ఫోన్లో నేర్పారు. ఆవిడ అబద్ధం చెప్పదు, అలాగని అన్నదమ్ముల పరువూ తీయదు. ఒకసారి నా ఎదుటే ఎవరో అడిగారు, "రాణీగారు ఇందులోనే స్నానం చేసేవారా అండీ?" అని.

"చేసే ఉంటారు. తొట్టయితే నాకినట్టు నున్నగా ఉంది" అంది అత్త.

ఇంతటితో ఆగితే నేనీ కథ రాసేవాణ్ణి కాదు. పెదనాన్నకి కంచు ఫలకం మీద మోజు పుట్టింది. పురాతన కట్టడాల కార్యాలయం వాళ్ళు గుర్తించిన ఇంటికి గుమ్మం పక్కన కంచు ఫలకం బిగిస్తారు. కొండ మొత్తానికి ఇంకా ఎవరికీ రాలేదు. మనకొస్తే, పక్కింటి బోర్డు సిగ్గుతో దానంతటదే ఊడిపడుతుందని పెదనాన్న అంచనా. దరఖాస్తు వెళ్ళింది. వాళ్ళ నుంచి నియమావళి వచ్చింది. అందులో ఒక నియమం: గుర్తింపు పొందిన కట్టడంలో ఎవరూ శాశ్వతంగా నివసించరాదు. వచ్చిపోయేవాళ్ళు ఉండొచ్చు. ఉండిపోయేవాళ్ళు మాత్రం ఉండకూడదు.

ఆ ఇంట్లో ఉండిపోయిన మనిషి ఒక్కరే.

ఆ మాట చెప్పడానికి అందరం కలిసి కొండెక్కాం. అత్త టీ తెచ్చి ఇచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"విషయం ఏంటంటేనమ్మా, ఈ చలికి నీ మోకాళ్ళు పాడైపోతాయి" అని మొదలుపెట్టాడు పెదనాన్న.

"నా మోకాళ్ళు నీకెప్పట్నుంచి కనపడుతున్నాయి అన్నయ్యా?"

"అది కాదు. నువ్వు కిందికొచ్చి మా దగ్గరుంటే మాకూ నిశ్చింత. కొన్నాళ్ళు మా ఇంట్లో, కొన్నాళ్ళు తమ్ముడింట్లో. ఇల్లు మారుతుంటే నీకూ పొద్దుపోతుంది."

"అంటే ఇన్నాళ్ళూ ఇల్లు అద్దెకిచ్చారు. ఇక నన్నిస్తారన్నమాట."

"ఎంత మాటన్నావే అక్కా" అన్నాడు బాబాయి నొచ్చుకుంటూ. "నువ్వు మాకు బరువా?"

"బరువు కాకపోతే పంచుకోవడం దేనికిరా?"

మాస్టారు దగ్గారు. పెదనాన్న నియమావళి తీసి చదివాడు. అత్త చివరిదాకా విని, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. కప్పులు కడుగుతూ అడిగింది.

"ఒరేయ్ పండితుడా, నీ చరిత్రలో నా గదికేం పేరు పెట్టావు?"

"రాణీగారి ఏకాంత మందిరం అత్తా."

"ఏకాంతం వరకూ నిజమే." కప్పు బోర్లించింది. "పెళ్ళికి ముందు మీ నాన్నా వాళ్ళతో పాటు ఒకే గది. పెళ్ళయ్యాక మా అత్తగారు మధ్య తలుపు వేయనిచ్చేది కాదు. నేను లోపలికెళ్ళి తలుపేసుకుంటే ఎవరూ కొట్టనిది ఈ గది ఒక్కటేరా. ఫలకం బిగిస్తే అదీ పోతుంది కదూ?"

పోతుంది అన్నాను.

అధికారి వచ్చిన రోజు పొగమంచు పట్టింది. సన్నగా, పొడుగ్గా, జలుబుతో ఉన్నాడాయన. పాత ఇళ్ళు చూసి చూసి ఆయన ముఖం కూడా కొంచెం శిథిలమై ఉంది. పెదనాన్న కోటు వేసుకుని ఎదురెళ్ళాడు. మాస్టారు దొడ్డ శబ్దం మీద ఉపన్యాసం ఇచ్చారు. నేను పలక చదివి వినిపించాను. రాణీగారి దగ్గరికి రాగానే అధికారి చెయ్యెత్తి ఆపాడు.

"ఈ కొండమీద నేను చూసిన ప్రతి ఇంట్లోనూ ఒక రాణి తలదాచుకుందండీ. ఇంతమంది రాణులు ఇక్కడే ఉంటే కింద రాజ్యంలో రాజుగారికి అన్నం పెట్టిందెవరు?"

"మా రాణి అసలైనదండీ" అన్నాడు బాబాయి.

"అందరూ అదే అంటారు." ముక్కు తుడుచుకుని, కాగితాలు సర్దుకున్నాడు. "భవనాలు, బంగళాల విభాగం నిండిపోయింది. మీ దరఖాస్తు పరిశీలించి, తిరస్కరించడమైనది."

లేవబోతుంటే ఆయన చేతిలోని పెన్ను జారింది. అది దొర్లుకుంటూ గోడ దాకా వెళ్ళి తూములోకి దూరింది. ఆయన దాని వెంటే వెళ్ళి వంగి చూశాడు. వంగినవాడు లేవలేదు. నేల వాలు చూశాడు. తూము చూశాడు. ఇనప రింగు పట్టుకుని లాగాడు. తొట్టి అంచు మీద అరచెయ్యి పెట్టి రాశాడు. గాలి పీల్చాడు. జలుబు మనిషికి కూడా ఏదో తగిలినట్టుంది. ముఖం వెలిగింది.

"ఇది పశువుల కొట్టమా?"

"రామరామ" అన్నాడు పెదనాన్న. "ఎంతమాట. మా శత్రువులెవరో మీతో చెప్పుంటారు."

"అయ్యో. అయితే నా దురదృష్టం" అన్నాడు అధికారి, నిజంగానే నీరుగారిపోయి. "బరువులు మోసే పశువుల కొట్టం ఒకటి, చెక్కుచెదరనిది, ఎక్కడన్నా దొరుకుతుందేమోనని ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నామండీ. శ్రమజీవుల కట్టడాలని ఒక విభాగం పెట్టుకున్నాం. అందులో ఒక్కటీ లేదు. ఏ కొట్టానికి వెళ్ళినా, ఇది మేడ అని ఒట్టేస్తున్నారు. దొరికితే ఫలకం సంగతలా ఉంచండి, మంత్రిగారే వచ్చి బిగిస్తారు."

మా వాళ్ళ ముఖాల్లో చరిత్ర ఎంత వేగంగా మారిందో నేను కళ్ళారా చూశాను. ఒక యుగం పోయి ఇంకో యుగం రావడానికి, పెదనాన్న కోటు గుండీ విప్పుకున్నంత సేపు పట్టింది.

"గాడిదలు" అన్నాడు పెదనాన్న. "మా నాన్నగారి గాడిదలండీ. ఈ కొండమీద ఉప్పు తిన్న ప్రతివాడూ మా గాడిదలకి రుణపడినవాడే."

"మేం గాడిదల వాళ్ళమేనండీ, తరతరాలుగా" అన్నాడు బాబాయి. "చూస్తేనే తెలియడంలా?"

"మరి ఇందాక దొడ్డ ఇల్లన్నారు?" అన్నాడు అధికారి.

అందరం మాస్టారి వైపు చూశాం. ఆయన తడబడలేదు. "అది అత్వసంధి అనుకున్నప్పటి మాటండీ. అత్తుకి సంధి ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు. ఇప్పుడు సూక్ష్మంగా చూస్తే ఇది శుద్ధమైన ఇత్వసంధి. దొడ్డి, ఇల్లు, దొడ్డిల్లు. నాకు మొదట్నుంచీ అనుమానమే."

అత్తుకి ఎప్పుడు సంధి వస్తుందో మాస్టారికి తెలుసు. మా అత్తకి ఏ సంధీ కుదర్చాలన్న ఊహ మాత్రం అక్కడ ఎవరికీ రాలేదు. ఆవిడ చేతిలో దుప్పట్ల మూటతో తన గది గుమ్మంలో నిలబడి ఉంది.

అధికారి గడ్డిలోంచి తన పెన్ను తెచ్చుకుని వచ్చి కూర్చున్నాడు. "సంధి చాలదండీ. ప్రత్యక్ష సాక్షి కావాలి. ఇక్కడ గాడిదల్ని కట్టడం కళ్ళారా చూసినవాళ్ళు వాఙ్మూలం ఇవ్వాలి. మీరు చూశారా?"

పెదనాన్న నీళ్ళు నమిలాడు. ఆయన చిన్నప్పుడే కింద హాస్టల్లో చదువుకున్నాడు. తనకి గాడిదల వాసన కూడా తెలియదని ఊళ్ళో ఇన్నాళ్ళూ చెప్పుకున్నాడు. అదొక్కటే ఆయన చెప్పుకున్నవాటిలో నిజం. మా నాన్న ఇప్పుడు లేడు. బాబాయి పుట్టేసరికి లారీలొచ్చాయి. తాత చొక్కా పట్టుకుని కొండెక్కి, గాడిదల మధ్య గడ్డిలో పడుకున్నది అత్త ఒక్కతే.

"మా చెల్లెలుందండీ" అన్నాడు పెదనాన్న. ఆ గొంతులో అంత ప్రేమ నేనెప్పుడూ వినలేదు. "దానికి అన్నీ తెలుసు. బంగారు తల్లి. ఇలా రామ్మా, కూర్చో."

అత్త రాలేదు. గుమ్మంలోంచే అధికారిని అడిగింది. "కొట్టం అని రాసుకున్నా, మనుషులుండకూడదా సార్?"

"శాశ్వత నివాసం నిషిద్ధం అమ్మా. అన్ని విభాగాలకీ ఒకటే నియమం."

"సామాను కూడా తీసెయ్యాలా?"

"ఆధునిక వస్తువులేవీ ఉండకూడదు. మంచం, అల్మరా, ఆ కిటికీ కూడా. గోడ మళ్ళీ పూడ్చేసి, ఎప్పటిలా ఉంచాలి."

అత్త వెనక్కి తిరిగి కిటికీ వైపు ఒకసారి చూసింది. పొగమంచు విడుతోంది.

"అవన్నీ తర్వాత చూసుకోవచ్చులేవే" అన్నాడు పెదనాన్న తొందరపడుతూ. "ముందు సార్ అడిగినదానికి చెప్పు. మన నాన్న కట్టినది. నీ నోటి మాటే సాక్ష్యం. ఇది దొడ్డ ఇల్లా, దొడ్డి ఇల్లా?"

అధికారి పెన్ను కాగితం మీద పెట్టి సిద్ధంగా ఉన్నాడు. మాస్టారి పెదవులు, పిల్లలకి పద్యం అందిస్తున్నట్టు, ఇకారం దగ్గర సాగి ఉన్నాయి. అత్త మూట కింద పెట్టలేదు. గుమ్మంలోంచే అంది.

"గాడిదలున్నప్పుడు దొడ్డి అన్నయ్యా. నేనొచ్చాక ఇల్లు. నన్ను పంపేసి మీరుంచుకుంటే ఏమవుతుందో, అది మీరే రాసుకోండి."